ఆకు గదిలో మంచం

జయరామ బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. నిజమే, కానీ ఆ బండి అప్పుడు కదలడం లేదు. నల్లంపల్లి టీ కొట్టు ముందు మోపెడ్‌కు స్టాండు వేసి, దాని మీద అడ్డంగా కూర్చుని, నాలుగు లైన్ల రోడ్డు పూర్తయితే ఎవరి పొలం ఎంత పలుకుతుందో చేతులు తిప్పి తిప్పి వివరిస్తున్నాడు. స్టాండు మడుచుకుంది. యాభై మూడేళ్ళ మనిషి బండి కింద పడ్డాడు. కుడికాలు మోకాలి కింద పుటుక్కుమంది. ఆటోలో ఇల్లు చేరేసరికి కథలోకి ఒక లారీ వచ్చింది. మర్నాటికి అది పది చక్రాల లారీ అయింది. వారం గడిచేసరికి దాని వెనకాలే ఒక బస్సు కూడా వచ్చి, జయరామ సమయస్ఫూర్తి వల్ల అందులోని ముప్పై మందీ బతికి బయటపడ్డారు.

చూడవచ్చిన వాళ్ళకు కాఫీ అందిస్తూ భార్య గోపమ్మ ఆ లారీ ఎదుగుదలను రోజూ వింది. టీ కొట్టామె జరిగింది జరిగినట్టు ఆమెకు ముందే చెప్పేసింది. అయినా గోపమ్మ నవ్వలేదు, కాదనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన మాటల్ని ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలెయ్యడం ఆమెకు బాగా అలవాటయింది. పైగా ఆమె మనసిప్పుడు అక్కడ లేదు. ఇంకొక్క పంట. ఈ ఒక్క పంటా గట్టెక్కితే చాలు.

వాళ్ళది పట్టుపురుగుల పంట. రోడ్డు పక్క ఎకరంలో మల్బరీ తోట, తోట మొదట్లో రేకుల షెడ్డు. షెడ్డులో రెండు గదులు: ముందరిది ఆకు గది, లోపలిది పురుగుల గది. పందొమ్మిదేళ్ళ కిందట ఎవరో చెప్పారని తోట వేసినవాడు జయరామే. వేసిన మరుసటి నెల నుంచీ అందులోకి తొంగి చూడనివాడూ జయరామే. "ఆ పురుగుల కంపు నాకు పడదు" అని టీ కొట్టుకు అంకితమైపోయాడు. తెల్లారకముందే ఆకు కోయడం, మోపు నెత్తిన పెట్టుకు రావడం, తరగడం, రోజుకు నాలుగు మేతలు వెయ్యడం, తట్టలు మార్చడం, రెట్ట ఎత్తి పొయ్యడం, అన్నీ గోపమ్మ చేతుల మీదే. ఒక్కగానొక్క కూతురు శాలిని పెళ్ళయి హోసూరుకు పోయాక ఆ సాయమూ లేదు. గోపమ్మ చేతివేళ్ళు ఆకు పసరుకు నల్లబడి, గోళ్ళ చివర్లు పగిలి ఉంటాయి. ఎవరింటి పెళ్ళికి పోయినా ఆమె చేతులు కొంగు కిందే ఉంచుకుంటుంది.

పెళ్ళిళ్ళకు పోవడం మాత్రం ఎక్కడ కుదిరింది కనక? పట్టుపురుగు పుట్టిన దగ్గర్నుంచి గూడు కట్టే లోపల నాలుగుసార్లు మేత మాని నిద్రపోతుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే ఇక వారం రోజులు దానికి తిండి తప్ప వేరే లోకం లేదు. ఒక్క మేత ఆలస్యమైతే పంట పాడు. ఆరేళ్ళ కిందట మొరప్పూరులో గోపమ్మ తల్లి చనిపోయిన రోజు పురుగులు సరిగ్గా నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొద్దున పోయి, దహనం కాగానే తడిచీరతోనే సాయంత్రం బస్సెక్కి వచ్చేసింది. పెద్దకర్మకు కూడా అంతే. అప్పట్నుంచీ గోపమ్మ మొరప్పూరు పోయినప్పుడల్లా చెల్లెలు మీనాక్షమ్మ గడపలోనే అడిగే మొదటి మాట, "ఏ బస్సుకక్కా?" అని. రమ్మనే ముందే పోయేది ఎప్పుడని అడగాల్సి వచ్చింది ఆ పిల్లకు.

అలాంటి గోపమ్మకు దేవుడు బాలసుందరం రూపంలో వచ్చాడు. ఆమెకు వరసకు తమ్ముడు, నల్లంపల్లిలో చిన్న మెస్సు నడుపుతాడు. కొత్త రోడ్డు పక్కన లారీలు నిలుపుకునే చోటుతో పరోటా హోటలు పెడతాననీ, ఆ ఎకరం తనకు లీజుకిమ్మనీ అడిగాడు. బోర్డు మీద 'జయరామ హోటల్' అని రాయిస్తానన్నాడు. ఆ మాటతో జయరామ ఎకరం కాదు, అడిగితే వొంటి మీది చొక్కా కూడా ఇచ్చేసేవాడు. ఈ పంట గూళ్ళు దించగానే తోట పీకెయ్యాలని మాట అయిపోయింది. ఆ రోజు గోపమ్మ లోపలికి పోయి గుప్పెడు చక్కెర నోట్లో పోసుకుంది.

అప్పుడే ఈ కాలు విరిగింది.

పెద్దాస్పత్రిలో పిండికట్టు వేస్తామంటే జయరామ ఒప్పుకోలేదు. అదియమాన్‌కోట్టైలో మాదయ్య అనే ముసలాయన నాటుకట్టు కడతాడు. గుడ్డు తెల్లసొన, మినపపిండి, ఏవో ఆకుల పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ బిగించి చుట్టాడు. మూడు కట్లు, నలభై అయిదు రోజులు. మెట్లు ఎక్కకూడదు, ఎండ తగలకూడదు, చల్లగా ఉన్నచోట పడుకోవాలి అన్నాడు. ఇంటికేమో అయిదు మెట్లు, లోపల మే నెల కొలిమి. ఊళ్ళో చల్లగా ఉన్నచోటు ఒక్కటే, ఆకు వాడిపోకుండా నాలుగు వైపులా తడి గోనెలు కట్టిన ఆకు గది. మంచం అక్కడ పడింది.

మొదటి మూడు రోజులూ ఆయన మూలుగుకు లోపల పురుగులు బెదురుతాయేమోనని గోపమ్మ భయపడింది. ముక్కుపొడి డబ్బా లాక్కుంది. పొగాకు వాసన సోకితే పురుగు బతకదు. దానికి ఆయన తనను చంపేస్తున్నారని కూతురికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. నాలుగో రోజున మూలుగు ఆగింది.

"ఏమే, లోపల వాన పడతా ఉందా?"

"వానేంది? పురుగులు మేస్తా ఉండాయి."

"అంత సద్దా?"

"పందొమ్మిదేండ్లుగా అంతే సద్దు," అని గోపమ్మ మోపు దించి మళ్ళీ తోటకు పోయింది.

ఆ సద్దు ఆయనకు నచ్చింది. మధ్యాహ్నం కునుక్కు ఇంత హాయి ఇంకెక్కడా లేదన్నాడు. తరవాత పచ్చాకు వాసన నచ్చింది. తరవాత, ఊరికే పడుకుంటే తోచడం లేదని, ఒళ్ళో పలక పెట్టించుకుని కత్తితో ఆకు తరగడం మొదలెట్టాడు. గంటకు ఒక చేటడు. గోపమ్మ అంత ఆకు అయిదు నిమిషాల్లో తరుగుతుంది. అయినా ప్రతి చేటా ఆయన చెయ్యి చాచి చూపించేవాడు.

"చూడు, సేమ్యా మాదిరి లేదూ? నువ్వు మందంగా తరుగుతావు. లేతపురుగుకు పన్ను ఉండద్దా?"

పురుగుల గదిలోంచి ఒకదాన్ని తెప్పించుకుని అరచేతిలో వేసుకున్నాడు. అది చల్లగా ఉందని ఆశ్చర్యపోయాడు. దానికి మొహం ఉందని ఆశ్చర్యపోయాడు. అది తల పైకెత్తి నిద్రపోతే, ముని తపస్సు మాదిరి ఉందని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. పాపం, లారీ కథ మూలన పడిపోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా పట్టుపురుగు జీవితం మీద గంటసేపు ఉపన్యాసం. కాళ్ళు కడుక్కోకుండా గడప దాటావేమయ్యా అని వియ్యంకుడినే గదిమాడు. నాలుగు జ్వరాల పేర్లూ నాలుగు రోజుల కిందట తెలిసిన మనిషి, తన తాతముత్తాతలు పట్టుపురుగులై పుట్టినట్టు మాట్లాడుతుంటే, గోపమ్మ రెట్ట గంప నెత్తిన పెట్టుకుని ఆయన మంచం పక్కనుంచే పోయి పారబోసి వచ్చేది. రెట్ట గంప మీద మాత్రం ఆయనకు ఏ ఆశ్చర్యమూ కలగలేదు.

మొదట్లో ఆమెకు విసుగ్గా ఉండేది. తరవాత గుండెలో రాయి పడింది. ఈ మనిషికి ఏదైనా నచ్చిందంటే ఇంట్లోవాళ్ళకు మూడినట్టే. ఒకసారి పావురాలు నచ్చాయి, రెండేళ్ళు దూలాలన్నీ కడిగింది ఆమే. ఇప్పుడు మంచం మీద పడుకుని చల్లగాలిలో వింటున్న ఈ చప్పుడు నచ్చుతోంది. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపినప్పుడల్లా మొరప్పూరు బస్సు ఆమెకు అంత దూరమవుతోంది.

గూళ్ళు దించిన రోజునే బాలసుందరం వచ్చాడు. లీజు కాగితం తెచ్చాడు, బోర్డు మీద బొమ్మ ఎలా ఉండాలో గీయించుకుని మరీ తెచ్చాడు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. తెల్లటి గూళ్ళు, ఒక్కటీ మచ్చ లేదు. జయరామ గంపలో చెయ్యి పెట్టి, గూళ్ళు వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ కూర్చున్నాడు.

"బావా, ఎప్పుడు పీకిద్దాం?" అన్నాడు బాలసుందరం.

"ఏంది పీకేది?"

"తోట, బావా."

"తోట పీకేదా? నీకేమన్నా బుద్ధి ఉండాదా రా? ఇది సుమ్మా ఉత్త పంటనుకుంటివా? ప్రాణం! నోరు లేని జీవాలు. నేను దగ్గరుండి చూసుకుంటే ఎట్ల వచ్చిందో చూడు గూడు."

బాలసుందరం నోరెళ్ళబెట్టి గోపమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వన్నా చెప్పు."

గోపమ్మ నోరు తెరిచేలోగా జయరామ చెయ్యెత్తాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిప్పుకున్నాడు. "అదేమి చెప్తాదిరా? పందొమ్మిదేండ్లు బిడ్డల మాదిరి సాకింది. తోట పోతాదంటే దాని కడుపు ఎంత మండిందో నాకు ఇప్పుడు తెలిసింది. ఏమే, భయపడొద్దు. తోట యాడికీ పోదు. నీకోసమేనే."

గూళ్ళు దించడానికి వచ్చినవాళ్ళంత మంది ముందర మొగుడు ఏనాడూ ఆమెకు ఇంత పెద్ద కానుక ఇవ్వలేదు. గోపమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. నాకొద్దు అని అరవాలనిపించింది. అరిస్తే? కృతజ్ఞత లేని ఆడదంటారు. మొగుడు మారాడు, దీనికి కళ్ళు నెత్తికెక్కాయంటారు. బాలసుందరం బోర్డు బొమ్మ చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి గోపమ్మ అన్నం తినలేదు. జయరామ తిన్నాడు, రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాడు.

మూడో కట్టు విప్పాక మాదయ్య కాలు నొక్కి చూసి సరిపోయింది పొమ్మన్నాడు. జయరామ మర్నాడే టీ కొట్టు చేరాడు. అక్కడ ఎముక అతుక్కున్నది కట్టు వల్ల కాదనీ, తన ఎముకే అలాంటిదనీ, మాదయ్య ముసలాడికి కట్టడం కూడా తనే నేర్పాల్సి వచ్చిందనీ చెప్పాడు. నల్లంపల్లికీ అదియమాన్‌కోట్టైకీ మధ్య మాటలు నడవడానికి ఎంతసేపు? పురుగుల సంగతీ టీ కొట్టులోనే చెప్పేవాడు. షెడ్డులోకి మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు. కాలు బాగయింది కదా.

రెండు నెలలకు తోట మళ్ళీ గుబురెక్కింది. జయరామ కొత్త పురుగులు కావాలని చెప్పి వచ్చాడు, ఎప్పుడూ తెచ్చేదానికి రెండింతలు. గోపమ్మ మూడో జ్వరం దాకా మామూలుగానే సాకింది. నాలుగో జ్వరం నుంచి పురుగులు లేచే రోజు పొద్దున, అన్ని తట్టల్లోనూ మేత వేసి, చేతులు కడుక్కుని, బస్సెక్కి అదియమాన్‌కోట్టైలో దిగింది.

మాదయ్య అరుగు మీద కూర్చుని వెదురు బద్దలు చెక్కుతున్నాడు.

"మామా, నాకు కాలు ఇరిగింది. కట్టు కట్టు."

ముసలాయన ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. నడిచొచ్చిన మనిషి. "ఏ కాలు పాపా?"

"ఏదైతే ఏమి? నీకు ఏది సులువో అది."

మాదయ్య చేతిలోని బద్ద పక్కన పెట్టాడు. పసరు కట్టిన ఆ వేళ్ళను చూశాడు. "నీ మొగుడు నాకు కట్టడం నేర్పించినాడంట గదా?"

"అంట మామా."

"అట్లయితే ఆయన నేర్పిన మాదిరే కడతా," అని లోపలికి కేకేసి గుడ్లు తెమ్మన్నాడు.

తోటలో గట్టు మీంచి జారిపడ్డాననీ, ఆ దారిన పోయే ఆటో ఎక్కి నేరుగా కట్టుకే పోయాననీ చెప్తూ గోపమ్మ కాలికట్టుతో ఆటో దిగేసరికి జయరామ లబోదిబోమన్నాడు. మంచం మళ్ళీ ఆకు గదిలో పడింది. ఈసారి ఎడమకాలికి కట్టు.

"ఇప్పుడెట్లే? పురుగులు?"

"నువ్వుండావు గదా," అంది గోపమ్మ తలగడ సర్దుకుంటూ. "నోరు లేని జీవాలు. నీ చేతికి బాగా వస్తాయి."

మొదటి రోజు జయరామ చొక్కా విప్పి, తలకు టవలు చుట్టి, పాట పాడుకుంటూ తోటకు పోయాడు. రెండు మోపులకు పాట పోయింది. సాయంత్రానికి టవలు పోయింది. గోపమ్మ మంచం మీంచే చెప్పేది: మూడో వరస తట్టలకు మేత అయిపోయింది, రెట్ట తియ్యకుంటే కింద ఉడుకెక్కి పురుగు పాలిపోతాది, తడి ఆకు వెయ్యొద్దు, ఆ మూల ఈగ దూరింది చూడు. అన్నీ మెత్తగానే చెప్పింది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన రెట్ట గంప నెత్తిన పెట్టుకుని మంచం పక్కనుంచి పోతూ ఆగాడు.

"ఇది ఎన్నిసార్లే?"

"దినానికి రెండుసార్లు. మొహం చూడు, ముని మాదిరి ఉండావు."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె చేతికి వేరొకరు కలిపిన కాఫీ వచ్చింది. చక్కెర ఎక్కువ, డికాక్షన్ తక్కువ, పరమ దరిద్రంగా ఉంది. చివరి బొట్టు దాకా తాగి, ఇంకొకటి కావాలని అడిగింది. పడుకుంది. పగటిపూట కళ్ళు మూసుకుని పడుకోవడమంటే ఏమిటో ఆమె ఒళ్ళు మరిచిపోయింది. కాసేపు ఒళ్ళే ఒప్పుకోలేదు, కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి.

అప్పుడు వినిపించింది. తట్టలన్నిటా వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతున్నాయి. ఎండిన పొలం మీద మొదటి జల్లు పడి, ఇంకా బలం పుంజుకోకముందు ఉండే చప్పుడు. ఆగదు, పెరగదు, తరగదు. ఎంత బాగుందంటే, ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఆ మనిషి చెప్పింది అబద్ధం కాదు.

దాంతో గోపమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చల్లటి చప్పుడు పందొమ్మిదేళ్ళు తన ఇంట్లోనే ఉంది. దానికి మేత మోసింది తను. ఒక్కరోజు, ఒక్క గంట, కాలు చాపి వినే దారి ఎవరూ చూపలేదు. తడిచీరతో తల్లి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన రోజు కూడా ఇవి ఇలాగే మేసి ఉంటాయి. తను వినలేదు, తట్టలు మారుస్తూ ఉండింది. వినడానికి మొగుడికి ఒక విరిగిన కాలు చాలింది, తనకు ఒక దొంగ కాలు కావాల్సి వచ్చింది. ఆమె మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే విన్నది.

నాలుగో రోజు పొద్దున జయరామ ఆకు మోపు గదిలో పడేసి, దాని మీదే కూలబడ్డాడు. వేళ్ళు నల్లగా పసరెక్కాయి, ఒక గోరు పగిలింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని చీకాడు.

"బాలసుందరానికి ఫోన్ చేసినాను," అన్నాడు. "కాగితం తెమ్మన్నాను."

గోపమ్మ చీర అంచు కట్టు మీదికి లాక్కుంది.

"నీ కాలు ఇట్లయిపాయె. ఇంక ఈ పని నీకు రొంబ కష్టం. నాకేమి, నేను చేస్తా. కానీ నిన్ను చూస్తే మనసు ఆగలే." గొంతు సవరించుకున్నాడు. "నీకోసమేనే."

ఆమె ఆయన మొహం వైపు చూసింది. ఆ మనిషి నిజంగానే నమ్ముతున్నాడు. కోపం కూడా దండగనిపించింది.

"అవును," అంది. "నాలుగో వరసకు మేత అయిపోయింది, లెయ్యి."

గూళ్ళు పలచగా వచ్చాయి. అవి దించిన మరుసటి వారం బాలసుందరం కాగితం తెచ్చాడు. జయరామ సంతకం పెట్టి, బోర్డు మీద తన పేరు ఎర్ర రంగులో ఉండాలని వాదిస్తున్నాడు. గోపమ్మ మంచం మీద లేచి కూర్చుని, ముడి విప్పి, కట్టు గుడ్డ చుట్ట చుట్టింది. వెదురు బద్దలు నాలుగూ ఏరి, ఆయన ఒళ్ళో పెట్టింది. లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సంచీ భుజాన వేసుకుంది.

"ఏమే... కాలు?"

"బాగయింది. నీ ఎముక మాదిరే, దానికదే అతుక్కుంది."

బాలసుందరం దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. జయరామ ఆ బద్దల్ని ఒకటొకటే తిప్పి చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు అర్థమయిందో లేదో చూడటానికి కూడా ఆమె ఆగలేదు.

మొరప్పూరులో ఎండ చల్లబడుతోంది. మీనాక్షమ్మ వాకిలి ఊడుస్తోంది. అక్కను చూసి చీపురు కింద పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, అలవాటుగా అడిగేసింది.

"రా అక్కా. ఏ బస్సుకు?"

గోపమ్మ అరుగు మీద కూర్చుని రెండు కాళ్ళూ బారుగా చాపుకుంది.